అవయవ దాతల్లో అంటువ్యాధుల పరీక్ష

అవయవ మార్పిడికి ముందు దాత శరీరంలో గ్రహీతకు సోకగల క్రిములు ఉన్నాయేమో ఆరా తీసి, ఉంటే ఆ అవయవాన్ని వాడవచ్చో లేదో తేల్చే ప్రక్రియను దాతల అంటువ్యాధి పరీక్ష లేదా డోనర్ స్క్రీనింగ్ అంటారు. కుటుంబం చెప్పే ఆరోగ్య చరిత్ర, శరీర పరీక్ష, ఎక్స్‌రేలు, స్కాన్‌లు, రక్త పరీక్షలు, కల్చర్లు అన్నీ ఇందులో భాగాలు. హెచ్‌ఐవి, హెపటైటిస్ బి, హెపటైటిస్ సి, సిఫిలిస్ పరీక్షలు దాదాపు అన్నిచోట్లా చేస్తారు. సైటోమెగలో వైరస్, ఎప్‌స్టీన్-బార్ వైరస్, టాక్సోప్లాస్మా వంటివాటికి చేసే పరీక్షల ఉద్దేశం వేరు. అవయవాన్ని తిరస్కరించడానికి కాకుండా, గ్రహీతకు ఏ మందులు ముందుగా ఇవ్వాలో నిర్ణయించడానికి అవి పనికొస్తాయి.

మరణించిన దాతల నుంచి అవయవాలు పొందినవారిలో అనుకోని వ్యాధి సంక్రమించేది నూటికి ఒకరి కంటే తక్కువమందికే. అయితే సంక్రమిస్తే నష్టం ఒక్కరితో ఆగదు. ఒక దాత నుంచి రెండు కిడ్నీలు, కాలేయం, గుండె, రెండు ఊపిరితిత్తులు, క్లోమం, చిన్నపేగు తీసుకొనే వీలుంది కాబట్టి, పరీక్షకు చిక్కని ఒక్క క్రిమి ఒకే రాత్రి వేర్వేరు ఆసుపత్రుల్లోని పలువురిని చేరవచ్చు. మరోవైపు, ఏ చిన్న అనుమానం వచ్చినా అవయవాన్ని పక్కన పెడుతూ పోతే, నిరీక్షణ జాబితాలో ఉన్నవారు అవయవం అందకే చనిపోతారు. ఈ రెండు ప్రమాదాల్లో ఏది పెద్దదో ప్రతి దాత విషయంలోనూ విడిగా తూచి చూడటమే స్క్రీనింగ్ అసలు పని.

అవయవంతో పాటు క్రిమి చేరే తీరు

ఎముక, చర్మం, గుండె కవాటాల వంటి కణజాలాలను శుద్ధి చేసి, గడ్డకట్టించి, నెలల తరబడి నిల్వ ఉంచవచ్చు. అవయవానికి ఆ వెసులుబాటు లేదు. అది సజీవంగానే గ్రహీతకు చేరాలి. వేడి, రసాయనాలు, రేడియేషన్ ఏవీ దానిపై ప్రయోగించలేరు. నిల్వ ద్రావణంతో రక్తాన్ని కడిగేసినా కణాల లోపల దాగినవి అలాగే ఉంటాయి. కాలేయ కణాల్లో హెపటైటిస్ బి వైరస్ జన్యుపదార్థం, గుండె కండరంలో టాక్సోప్లాస్మా తిత్తులు, ఊపిరితిత్తుల్లో నిద్రాణంగా ఉన్న క్షయ క్రిములు ఇలాంటివే.

దీనికి గ్రహీత పరిస్థితి కూడా తోడవుతుంది. కొత్త అవయవాన్ని శరీరం తిప్పికొట్టకుండా టాక్రోలిమస్, మైకోఫినోలేట్, స్టెరాయిడ్ల వంటి మందులతో రోగనిరోధక శక్తిని అణచి ఉంచుతారు. మొదటి నెలల్లో ఈ మోతాదులు ఎక్కువ. ఆరోగ్యవంతుడిలో రెండు రోజుల జ్వరంతో పోయే వైరస్ ఇక్కడ మెదడువాపుగా మారవచ్చు. లక్షణాలు కూడా సరిగా బయటపడవు. కాలేయ ఎంజైములు పెరిగితే అది ఇన్‌ఫెక్షనా, అవయవ తిరస్కరణా అన్న సందేహం వస్తుంది. తిరస్కరణ అనుకొని స్టెరాయిడ్లు పెంచితే లోపలి ఇన్‌ఫెక్షన్ మరింత చెలరేగుతుంది.

చరిత్ర

1954లో బోస్టన్‌లో జోసెఫ్ ముర్రే బృందం కవల సోదరుల మధ్య చేసిన కిడ్నీ మార్పిడి తొలి విజయంగా చరిత్రకెక్కింది. వాళ్లు అచ్చుగుద్దినట్లున్న కవలలు కావడంతో నిరోధక శక్తిని అణచాల్సిన అవసరం రాలేదు. 1983లో అమెరికాలో సైక్లోస్పోరిన్‌కు అనుమతి వచ్చాక బంధుత్వం లేని దాతల అవయవాలు కూడా నిలవడం మొదలైంది. మార్పిడుల సంఖ్య పెరిగింది. దాత నుంచి వచ్చే ఇన్‌ఫెక్షన్ల సమస్య కూడా అప్పుడే పెద్దదైంది.

అదే కాలంలో ఎయిడ్స్ బయటపడింది. 1985 మార్చిలో అమెరికాలో తొలి హెచ్‌ఐవి యాంటీబాడీ పరీక్షకు అనుమతి లభించింది. ఆ ఏడాదే ఆ పరీక్షలో నెగెటివ్ వచ్చిన ఒక దాత అవయవాలను నలుగురికి అమర్చారు. నలుగురికీ హెచ్‌ఐవి సోకింది. అదే దాత నుంచి శుద్ధి చేయకుండా గడ్డకట్టించిన ఎముకను పొందినవారిలో మరో ముగ్గురికి కూడా సోకింది. దాతకు వైరస్ సోకి ఎక్కువ రోజులు కాలేదు. రక్తంలో యాంటీబాడీలు ఇంకా తయారు కాలేదు. ఏళ్లు గడిచాక గానీ ఈ గొలుసు బయటపడలేదు. ఫలితం నెగెటివ్ అని ఉన్నంత మాత్రాన దాతకు వ్యాధి లేదని అనుకోకూడదని వైద్య ప్రపంచానికి నేర్పిన తొలి పెద్ద ఉదాహరణ ఇది.

హెపటైటిస్ సి వైరస్‌ను 1989లో గుర్తించారు. రెండేళ్లలోనే అది అవయవాల ద్వారా సంక్రమిస్తుందని అమెరికా పరిశోధకులు నిరూపించారు. 2002లో వెస్ట్ నైల్ వైరస్ ఒకే దాత నుంచి నలుగురు గ్రహీతలకు చేరింది. ఆ దాతకు ఆసుపత్రిలో ఎక్కించిన రక్తం ద్వారానే వైరస్ వచ్చిందని తర్వాత తేలింది. 2007లో షికాగోలో ఒక దాత నుంచి నలుగురికి హెచ్‌ఐవి, హెపటైటిస్ సి రెండూ సోకాయి. అప్పటి నుంచి వైరస్ జన్యుపదార్థాన్నే వెతికే పరీక్షలకు ప్రాధాన్యం పెరిగింది. అమెరికా ప్రజారోగ్య సేవా విభాగం మార్గదర్శకాలు 1994, 2013, 2020లలో మారుతూ వచ్చాయి. ప్రతి మార్పు వెనుకా ఇలాంటి అనుభవాలు, వాటికి జవాబుగా మెరుగైన పరీక్షలు ఉన్నాయి.

సమయంతో పోటీ

బ్రెయిన్ డెడ్ అయిన దాత విషయంలో స్క్రీనింగ్ అంతా గంటల లెక్కలో ముగియాలి. భారతీయ చట్టం ప్రకారం మెదడు కాండం మరణాన్ని నలుగురు వైద్యుల బోర్డు కనీసం ఆరు గంటల తేడాతో రెండుసార్లు పరీక్షించి ధ్రువీకరిస్తుంది. ఈ లోపు కోఆర్డినేటర్ కుటుంబంతో మాట్లాడాలి, రక్తం ల్యాబ్‌కు వెళ్లాలి, ఫలితాలు రావాలి, జాబితాలో వరుసన ఉన్న ఆసుపత్రులకు సమాచారం అందాలి. శరీరం నుంచి తీసిన గుండె నాలుగు నుంచి ఆరు గంటలు, కాలేయం ఎనిమిది నుంచి పన్నెండు గంటలు, కిడ్నీ ఒక రోజు, ఒక్కోసారి అంతకు కాస్త మించి నిలుస్తాయి. కల్చర్ పూర్తి ఫలితానికి రెండు మూడు రోజులు, క్షయ కల్చర్‌కు వారాలు పడతాయి. అందువల్ల కొన్ని ఫలితాలు మార్పిడి అయిపోయాకే వస్తాయని తెలిసే ఆపరేషన్ మొదలుపెడతారు. ఆ ఫలితం ఎవరికి చేరాలి, ఎవరు చూసి చర్య తీసుకోవాలి అన్నది ముందే నిర్ణయించుకోవాలి.

మొదటి పరీక్ష ప్రశ్నలే

ల్యాబ్‌లో పరీక్షించేది ఫలానా క్రిమి కోసమని అడిగినప్పుడే. ఏం అడగాలో చెప్పేది దాత చరిత్ర. మరణించిన దాత మాట్లాడలేడు కాబట్టి భార్యను, తండ్రిని, అన్నదమ్ములను, ఒక్కోసారి గదిలో కలిసి ఉన్న స్నేహితుణ్ని అడుగుతారు. ఈ మధ్య జ్వరం వచ్చిందా? టీబీ మందులు ఎప్పుడైనా వాడాడా? ఇంట్లో ఎవరికైనా టీబీ ఉందా? కుక్క గానీ, కోతి గానీ, గబ్బిలం గానీ కరిచిందా? ఎక్కడెక్కడ ఉద్యోగం చేశాడు, విదేశాలకు వెళ్లాడా? మత్తు ఇంజెక్షన్లు, జైలు జీవితం, ఇటీవలి పచ్చబొట్లు, లైంగిక సంబంధాలు వంటి విషయాలనూ అడగక తప్పదు. పుట్టెడు దుఃఖంలో ఉన్న కుటుంబాన్ని ఇవన్నీ అడగడం కోఆర్డినేటర్ల పనిలో కెల్లా కష్టమైనది. భర్త గురించి భార్యకు తెలియని విషయాలు స్నేహితుడికి తెలిసి ఉండవచ్చు. అందుకే ఒక్కరితో సరిపెట్టకుండా, అవసరమైతే విడివిడిగా మాట్లాడమని శిక్షణలో చెబుతారు.

తర్వాత శరీర పరీక్ష. సూది గుర్తులు, కొత్త పచ్చబొట్లు, ఉబ్బిన లింఫ్ గ్రంథులు, చర్మంపై పుండ్లు, కామెర్లు, పాత ఆపరేషన్ మచ్చలు చూస్తారు. అవయవాలు తీసే సర్జన్ కూడా కడుపులో, ఛాతీలో గడ్డలు, చీము, క్షయ గ్రంథుల వంటివి కనిపిస్తాయేమో గమనిస్తాడు. అనుమానం వస్తే ఆ కణజాలాన్ని ఆపరేషన్ జరుగుతుండగానే పాథాలజీకి పంపుతారు.

రక్త నమూనా, పలచబడిన రక్తం

భారత్‌లో మరణానంతర దాతల్లో రోడ్డు ప్రమాదాల్లో తలకు దెబ్బ తగిలినవారు ఎక్కువ. రక్తస్రావంతో వచ్చిన మనిషికి కొద్ది గంటల్లోనే సెలైన్, ప్లాస్మా, రక్తం ఎక్కిస్తారు. ఆ తర్వాత తీసిన నమూనాలో దాత సొంత రక్తం ఎంత ఉందన్నది ప్రశ్న. యాంటీబాడీలు పలచబడి పరీక్షకు అందకపోవచ్చు. 1980లలో అమెరికాలో ఇలాగే భారీగా రక్తం ఎక్కించిన ఒక దాత నమూనా హెచ్‌ఐవి నెగెటివ్ అని వచ్చింది. రక్తం ఎక్కించకముందు తీసిన నమూనాను ఆ తర్వాత పరీక్షిస్తే పాజిటివ్ అని తేలింది.

దీని నుంచి వచ్చిన నియమం సులభమైనది. దాత ఆసుపత్రికి వచ్చిన వెంటనే, రక్తం ఎక్కించకముందు తీసిన నమూనా ల్యాబ్‌లో ఇంకా ఉంటే దాన్నే వాడాలి. అది లేకపోతే లెక్క కట్టాలి. గత 48 గంటల్లో రెండు లీటర్లకు మించి రక్తం, కొల్లాయిడ్ ద్రవాలు, లేదా చివరి గంటలో రెండు లీటర్లకు మించి సెలైన్ వంటి ద్రవాలు ఎక్కి ఉంటే, దాత బరువును బట్టి ప్లాస్మా ఎంత పలచబడిందో అంచనా వేస్తారు. నమూనా పనికిరాదని తేలితే ఆ ఫలితాన్ని నమ్మరు. తిరకాసు మరోవైపు నుంచి కూడా వస్తుంది. ఎక్కించిన రక్తంలోని యాంటీబాడీల వల్ల దాతకు లేని వ్యాధి ఉన్నట్లు కనిపించవచ్చు. పసిపిల్లల్లోనూ అంతే. తల్లి నుంచి వచ్చిన యాంటీబాడీలు ఏడాదిన్నర దాకా నిలుస్తాయి కాబట్టి, ఆ వయసులో యాంటీబాడీ ఫలితం ఒక్కదానిపై ఆధారపడరు.

విండో పీరియడ్

క్రిమి సోకిన రోజు నుంచి పరీక్షలో పట్టుబడే రోజు దాకా ఉండే వ్యవధిని విండో పీరియడ్ అంటారు. ఈ రోజుల్లో దాత రక్తం ఇన్‌ఫెక్షన్‌ను మోస్తున్నా ఫలితం మాత్రం నెగెటివ్ అని వస్తుంది. ఏ పరీక్ష వాడారన్న దాన్ని బట్టి ఈ వ్యవధి మారుతుంది.

హెచ్‌ఐవి విషయంలో యాంటీబాడీలను మాత్రమే చూసే పరీక్షకు సుమారు 3 వారాలు, యాంటీబాడీతో పాటు యాంటీజెన్‌నూ చూసే నాలుగో తరం పరీక్షకు 1 నుంచి 2 వారాలకు కాస్త అటూఇటూ, వైరస్ జన్యుపదార్థాన్ని వెతికే న్యూక్లిక్ యాసిడ్ పరీక్షకు వారం లోపు చాలు. చివరి పరీక్షనే వాడుకలో నాట్ అంటారు. హెపటైటిస్ సిలో తేడా మరీ ఎక్కువ. యాంటీబాడీ కనిపించడానికి నెలన్నర నుంచి రెండు నెలలు పట్టవచ్చు. నాట్‌కు కొద్ది రోజులే చాలు. హెపటైటిస్ బిలో ఉపరితల యాంటీజెన్ పరీక్షకు 5 నుంచి 6 వారాలు, నాట్‌కు 3 వారాలు పడుతుంది. అంటే నాట్ కూడా విండోను కుదిస్తుందే గానీ పూర్తిగా మూయలేదు. మిగిలిన ఆ కొద్ది రోజుల ప్రమాదాన్ని పట్టుకొనేది చరిత్ర ఒక్కటే. 2020 అమెరికా మార్గదర్శకాలు దాత ప్రమాదకర అలవాట్ల గురించి అడగాల్సిన కాలాన్ని 12 నెలల నుంచి 30 రోజులకు తగ్గించాయి. నాట్ దాతలందరికీ చేసినప్పుడు నెల కంటే పాత ఇన్‌ఫెక్షన్ తప్పించుకొనే అవకాశం దాదాపు ఉండదు కనుకనే ఆ మార్పు సాధ్యమైంది.

నాట్‌కు ఖర్చు ఎక్కువ. రాత్రి వేళల్లో చేయగల ల్యాబ్‌లు తక్కువ. తప్పుడు పాజిటివ్ వస్తే మంచి అవయవం వృథా అవుతుంది. అందుకే చాలా దేశాలు దీన్ని అందరికీ వాడాలా, ప్రమాదం ఉన్నవారికే వాడాలా అన్న విషయంలో వేర్వేరు దారులు ఎంచుకున్నాయి.

హెపటైటిస్ బి: మూడు గుర్తులు, మూడు అర్థాలు

దాత పరీక్షల్లో ఎక్కువ వివేచన కోరేది హెపటైటిస్ బి. మూడు ఫలితాలను కలిపి చదవాలి. ఉపరితల యాంటీజెన్ పాజిటివ్ అయితే వైరస్ ప్రస్తుతం ఒంట్లో ఉన్నట్లు. ఉపరితల యాంటీబాడీ ఒక్కటే ఉంటే టీకా వేయించుకున్నట్లు, ఆ అవయవంతో సమస్య లేదు. కోర్ యాంటీబాడీ ఉందంటే ఎప్పుడో ఒకప్పుడు సహజంగా ఇన్‌ఫెక్షన్ సోకినట్లు. అది తగ్గిపోయినా వైరస్ జన్యుపదార్థం కాలేయ కణాల కేంద్రకాల్లో ఏళ్ల తరబడి నిలిచి ఉండవచ్చు.

కాబట్టి ఒకే దాతలోని రెండు అవయవాలకు రెండు నిర్ణయాలు ఉంటాయి. కోర్ యాంటీబాడీ మాత్రమే ఉన్న దాత కాలేయం అమర్చితే గ్రహీతలో వైరస్ మేల్కొనే అవకాశం గణనీయం. అందుకే ఎంటెకావిర్ వంటి మందును దీర్ఘకాలం ఇస్తారు. అదే దాత కిడ్నీలో ప్రమాదం చాలా తక్కువ. గ్రహీతకు టీకాతో మంచి రక్షణ ఉంటే ఇంకా తక్కువ. మార్పిడి కోసం వేచి చూస్తున్న ప్రతి రోగికీ హెపటైటిస్ బి టీకా పూర్తి చేసి, యాంటీబాడీ స్థాయి చూడాలన్న సలహా ఇందుకే. డయాలసిస్ రోగుల్లో టీకా సరిగా పనిచేయదు కాబట్టి వారికి ఎక్కువ మోతాదు ఇస్తారు.

సైటోమెగలో, ఎప్‌స్టీన్-బార్ వైరస్‌లు

భారత్‌లో పెద్దవాళ్లలో అత్యధికులకు సైటోమెగలో వైరస్ ఎప్పుడో సోకి, నిద్రాణంగా ఉంటుంది. ఈ ఒక్క కారణంతో అవయవాన్ని వద్దనడం అసాధ్యం. దాతకు ఉండి, గ్రహీతకు లేని జంటలో ప్రమాదం అన్నిటికంటే ఎక్కువ. వారికి మూడు నుంచి ఆరు నెలలు వాల్‌గాన్‌సైక్లోవిర్ ఇస్తారు, లేదా వైరస్ స్థాయిని వారంవారం చూస్తూ పెరిగిన వెంటనే చికిత్స మొదలుపెడతారు. ఎప్‌స్టీన్-బార్ వైరస్ విషయంలో పిల్లలు ముఖ్యం. ముందు ఎన్నడూ సోకని పిల్లవాడికి పెద్దవాళ్ల అవయవం వస్తే, తర్వాత లింఫ్ కణాల కేన్సర్ లాంటి జబ్బు వచ్చే అవకాశం పెరుగుతుంది.

బాక్టీరియా, ఫంగస్, క్షయ

ఐసీయూలో కొన్ని రోజులు ఉన్న దాత రక్తంలో బాక్టీరియా దొరకడం అరుదు కాదు. క్రిమి ఏదో, దేనికి లొంగుతుందో తెలిసి, దాతకు సరైన యాంటీబయాటిక్ ఒకటి రెండు రోజులు ఇచ్చి, గ్రహీతకు ఒకటి రెండు వారాలు కొనసాగిస్తే అవయవాన్ని వాడవచ్చు. గుర్తించిన బాక్టీరియాతో వచ్చిన, చికిత్స అందిన మెనింజైటిస్ ఉన్న దాతలనూ ఇలాగే అంగీకరిస్తారు. చిక్కు మొండి క్రిములతోనే. కార్బపెనెమ్ మందులకు లొంగని క్లెబ్సియెల్లా, అసినెటోబాక్టర్ వంటివి భారతీయ ఐసీయూల్లో విస్తారంగా ఉన్నాయి. అవి అవయవంతో పాటు వస్తే రక్తనాళం కుట్టిన చోట పుండు పడి, ఆ నాళం పగిలి ప్రాణాంతకమైన రక్తస్రావం కావచ్చు. అందుకే అవయవాన్ని ఉంచిన నిల్వ ద్రావణాన్ని కూడా కల్చర్‌కు పంపుతారు. అందులో కాండిడా వంటి ఫంగస్ కనిపిస్తే మందులు వెంటనే మొదలవుతాయి. నీట మునిగి చనిపోయిన దాతల్లో మట్టిలో, మురికి నీటిలో ఉండే అరుదైన ఫంగస్‌లు ఊపిరితిత్తుల్లోకి చేరి ఉండవచ్చు.

ప్రపంచ క్షయ కేసుల్లో సుమారు నాలుగో వంతు భారత్‌వే. చురుకైన టీబీ ఉన్న దాత అవయవాన్ని తీసుకోరు. గుప్త టీబీ విషయంలో అలా కుదరదు, ఎందుకంటే ఆ ఇన్‌ఫెక్షన్ దేశంలో అంత విస్తారం. మరణించిన దాతలో దాన్ని నమ్మకంగా పట్టే పరీక్ష కూడా లేదు. ఛాతీ స్కాన్‌లో మచ్చలు, కుటుంబంలో టీబీ చరిత్ర, సగంలో ఆపేసిన మందుల వంటి సమాచారం దొరికితే గ్రహీతకు ఐసోనియాజిడ్ ఇవ్వాలా అన్నది ఆలోచిస్తారు. ఇక్కడా చిక్కుంది. టీబీకి వాడే రిఫాంపిసిన్, నిరోధక శక్తిని అణచే మందుల స్థాయిని రక్తంలో పడగొడుతుంది. మోతాదులు సరిచూడకపోతే అవయవమే పోతుంది.

పరాన్నజీవులు, ప్రాంతీయ వ్యాధులు

ఏ ఊళ్లో పుట్టాడు, ఎక్కడ పనిచేశాడు అన్నది కొన్ని జబ్బుల్లో రక్త పరీక్ష కంటే ముందు వస్తుంది. లాటిన్ అమెరికాలో చాగస్ వ్యాధి, జపాన్, కరీబియన్ దీవుల్లో హెచ్‌టీఎల్‌వి వైరస్ దాతల్లో చూడాల్సినవి. వట్టి కాళ్లతో మట్టిలో నడిచేవారి ఒంట్లోకి చొరబడే స్ట్రాంగిలాయిడెస్ అనే పురుగు దశాబ్దాల పాటు నిశ్శబ్దంగా పేగుల్లో బతకగలదు. గ్రహీతకు స్టెరాయిడ్లు మొదలుపెట్టాక అది ఒళ్లంతా పాకి, తనతో పేగుల్లోని బాక్టీరియాను రక్తంలోకి తీసుకెళ్తుంది. ముందే తెలిస్తే ఐవర్‌మెక్టిన్ మాత్రలతో తీరిపోయే సమస్య ఇది.

భారత్‌లో మలేరియా, డెంగీ సీజన్‌లో దాతల రక్తాన్ని వాటి కోసం చూడటం వాడుకలో ఉంది. డెంగీ దాత నుంచి గ్రహీతకు సోకిన సందర్భాలు వైద్య పత్రికల్లో నమోదయ్యాయి. కోవిడ్ కాలంలో మరో పాఠం వచ్చింది. ముక్కు నుంచి తీసిన నమూనాలో నెగెటివ్ అని వచ్చిన దాత ఊపిరితిత్తుల ద్వారా అమెరికాలో గ్రహీతకూ, సర్జన్‌కూ వైరస్ సోకింది. ఆ తర్వాత ఊపిరితిత్తుల దాతల్లో లోపలి శ్వాసనాళాల నమూనా పరీక్షించడం మొదలైంది.

రేబిస్, కారణం తెలియని మెదడువాపు

2004లో అమెరికాలో ఒక దాత మెదడులో రక్తస్రావంతో చనిపోయాడని భావించి అతని అవయవాలను అమర్చారు. కాలేయం, రెండు కిడ్నీలు పొందిన ముగ్గురూ, అతని రక్తనాళం ముక్కను మరో మార్పిడిలో వాడిన నాలుగో వ్యక్తీ రేబిస్‌తో మరణించారు. దాతను గబ్బిలం కరిచిన సంగతి ఆ తర్వాత బయటపడింది. 2005లో జర్మనీలో, భారత్ పర్యటించి వచ్చిన ఒక దాత నుంచి అవయవాలు పొందినవారిలో ముగ్గురు అదే వ్యాధితో చనిపోయారు. కాలేయం పొందిన వ్యక్తి బతికాడు. గతంలో అతను రేబిస్ టీకా వేయించుకుని ఉన్నాడు. 2013లో అమెరికాలోనే మార్పిడి జరిగిన ఏడాదిన్నర తర్వాత ఒక కిడ్నీ గ్రహీత రేబిస్‌తో మరణించాడు. మిగిలిన ముగ్గురికి వెంటనే టీకా, ఇమ్యునోగ్లోబులిన్ ఇచ్చారు. వారికి జబ్బు రాలేదు.

మరణించిన దాతను గంటల్లో రేబిస్ కోసం పరీక్షించే నమ్మకమైన సాధనం చేతిలో లేదు. అందుకే నియమం కఠినంగా ఉంది. జ్వరం, మతి తప్పడం, మింగలేకపోవడం, మూర్ఛలు ఉండి, కారణం తేలని మెదడువాపుతో చనిపోయిన వ్యక్తి అవయవాలు తీసుకోకూడదు. ప్రపంచ రేబిస్ మరణాల్లో మూడో వంతుకు పైగా భారత్‌లోనే సంభవిస్తున్నాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. కుక్క కాటు గురించిన ప్రశ్న ఇక్కడ ఫారంలోని ఒక గడి నింపడానికి అడిగేది కాదు. కార్నియా ద్వారా కూడా రేబిస్ సంక్రమించిన సందర్భాలు 1970ల చివర్లోనే నమోదయ్యాయి కాబట్టి నేత్ర బ్యాంకులూ ఇదే నియమం పాటిస్తాయి.

సజీవ దాతలు, గోప్యత

భారత్‌లో కిడ్నీ, కాలేయ మార్పిడుల్లో అధిక భాగం బతికున్న బంధువుల నుంచే. ఇక్కడ సమయం ఉంది. వారాల తరబడి పరీక్షలు చేయవచ్చు, టీకాలు వేయవచ్చు, గుప్త టీబీకి మందు ఇవ్వవచ్చు. అయితే ఆ వ్యవధే కొత్త ప్రమాదం తెస్తుంది. 2009లో న్యూయార్క్‌లో మొదటి పరీక్షలో నెగెటివ్ వచ్చిన ఒక సజీవ దాతకు ఆపరేషన్‌లోపే హెచ్‌ఐవి సోకి, కిడ్నీ ద్వారా గ్రహీతకు చేరింది. అందుకే ఆపరేషన్‌కు వీలైనంత దగ్గరలో, 28 రోజులు మించకుండా మళ్లీ పరీక్షించాలని అమెరికా నియమం.

దాతగా వచ్చిన భార్యకో, తమ్ముడికో పరీక్షలో పాజిటివ్ వస్తే ఆ సంగతి ఇంట్లో ఎవరికి తెలియాలి? 2017 నాటి హెచ్‌ఐవి, ఎయిడ్స్ చట్టం వ్యక్తి అనుమతి లేకుండా ఆ సమాచారం బయటపెట్టకూడదని అంటోంది. అందువల్ల వైద్య బృందం దాతను విడిగా కూర్చోబెట్టి చెబుతుంది, కౌన్సెలింగ్‌కూ చికిత్సకూ పంపుతుంది. కుటుంబానికి మాత్రం వైద్యపరంగా ఈ దానం కుదరదని మాత్రమే చెబుతుంది. ఇష్టం లేకున్నా కుటుంబ ఒత్తిడితో ముందుకు వచ్చినవారికి కూడా ఈ మాటే రక్షణ.

ఫలితం సరైనదే, నమోదు తప్పు

కొన్ని సంక్రమణలకు ల్యాబ్ కారణం కాదు. 2007లో ఇటలీలోని టస్కనీలో హెచ్‌ఐవి పాజిటివ్ ఫలితాన్ని రికార్డులోకి ఎక్కించేటప్పుడు నెగెటివ్ అని రాశారు. ముగ్గురికి అవయవాలు అమర్చారు. 2011లో తైవాన్‌లో ల్యాబ్ ఫోన్‌లో చెప్పిన పాజిటివ్ ఫలితం అవతలివైపు నెగెటివ్‌గా నమోదైంది. కంప్యూటర్‌లో ఫలితం ఉన్నా ఎవరూ సరిచూడలేదు. అయిదుగురు హెచ్‌ఐవి ఉన్న దాత అవయవాలు పొందారు. నోటి మాట ఫలితాన్ని అంగీకరించకూడదు, ముద్రిత నివేదికను ఇద్దరు వేర్వేరుగా చదివి సంతకం చేయాలి, సర్జన్ స్వయంగా చూడకుండా కోత పెట్టకూడదు అనే నియమాలు ఇలాంటి ఘటనల తర్వాతే గట్టిపడ్డాయి.

పాజిటివ్ అయినా వాడదగిన అవయవాలు

మందులు మెరుగయ్యేకొద్దీ పాత నిషేధాలు సడలాయి. 2008లో కేప్‌టౌన్‌లో ఎల్మీ ముల్లర్ హెచ్‌ఐవి ఉన్న దాతల కిడ్నీలను హెచ్‌ఐవి ఉన్న రోగులకే అమర్చి ఫలితాలు బాగున్నాయని చూపారు. 2013లో అమెరికా హోప్ చట్టం ద్వారా దీనికి దారి తెరిచింది. 2016లో అక్కడ జాన్స్ హాప్‌కిన్స్‌లో తొలి మార్పిడులు జరిగాయి. హెపటైటిస్ సికి 8 నుంచి 12 వారాల్లో నూటికి 95 మందికి పైగా నయం చేసే మాత్రలు వచ్చాక, ఆ వైరస్ ఉన్న కిడ్నీలను వైరస్ లేని రోగులకు అమర్చి వెంటనే చికిత్స ఇచ్చే పద్ధతి 2016-17 అధ్యయనాల నుంచి వేగం పుంజుకుంది. ఒకప్పుడు పారేసిన కిడ్నీలతో ఇప్పుడు డయాలసిస్ నుంచి బయటపడుతున్నవారున్నారు. ఇక్కడ రోగి సమ్మతి కీలకం. ఏ వైరస్, ఎంత ప్రమాదం, ఏ మందు, ఎంత కాలం, ఈ అవయవం వద్దంటే ఇంకెంత కాలం ఆగాల్సి రావచ్చు అన్నవి ఆపరేషన్ రాత్రి హడావుడిలో కాకుండా జాబితాలో పేరు నమోదు చేసేటప్పుడే వివరించి రాతపూర్వక అంగీకారం తీసుకోవాలి.

భారత్‌లో, తెలుగు రాష్ట్రాల్లో

మానవ అవయవ మార్పిడి చట్టం 1994లో వచ్చింది, 2011లో సవరణ, 2014లో కొత్త నియమాలు వచ్చాయి. జాతీయ స్థాయిలో నోటో అనే సంస్థ, ప్రాంతీయ, రాష్ట్ర స్థాయిలో దాని శాఖలు అవయవాల కేటాయింపును సమన్వయం చేస్తాయి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన జీవన్‌దాన్ కార్యక్రమం విభజన తర్వాత రెండు రాష్ట్రాల్లో విడివిడిగా నడుస్తోంది. తెలంగాణలో అది హైదరాబాద్ నిమ్స్ కేంద్రంగా పనిచేస్తోంది. హైదరాబాద్ ఎల్.వి.ప్రసాద్ నేత్ర వైద్య సంస్థలోని రామాయమ్మ అంతర్జాతీయ నేత్ర బ్యాంకు వంటివి కార్నియా దాతలకు హెచ్‌ఐవి, హెపటైటిస్ బి, సి, సిఫిలిస్ పరీక్షలు చేస్తాయి. కార్నియా కొన్ని రోజులు నిల్వ ఉంటుంది కాబట్టి ఫలితం వచ్చాకే అమర్చే వీలుంది.

రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ వయోజనుల్లో హెచ్‌ఐవి శాతం దేశ సగటు కంటే ఎక్కువగా నమోదవుతోంది. ఇక్కడ విండో పీరియడ్ అనేది పుస్తకాల్లో చదివి వదిలేసే విషయం కాదు. జిల్లా ఆసుపత్రుల్లో దాతలను గుర్తించడం పెరగాలంటే, రాత్రి పూట కూడా నాలుగో తరం పరీక్ష, నాట్ చేయగల ల్యాబ్‌కు నమూనా చేర్చే ఏర్పాటు ఉండాలి. రక్తం ఎక్కించకముందే ఒక గొట్టం నమూనా పక్కన దాచే అలవాటుకు ఖర్చు దాదాపు ఉండదు. ప్రమాద బాధితులు వచ్చే ప్రతి ట్రామా వార్డులో దాన్ని నేర్పవచ్చు.

మార్పిడి తర్వాత నిఘా

స్క్రీనింగ్ ఆపరేషన్‌తో ముగియదు. 2020 అమెరికా మార్గదర్శకాల ప్రకారం ప్రతి గ్రహీతకు మార్పిడి తర్వాత 4 నుంచి 6 వారాల మధ్య హెచ్‌ఐవి, హెపటైటిస్ బి, సి నాట్ పరీక్షలు చేయాలి. దాత విండోలో ఉన్నా ఆ సమయానికి గ్రహీతలో బయటపడుతుంది, చికిత్స త్వరగా మొదలవుతుంది. దాత రక్త నమూనాను ఏళ్ల పాటు భద్రపరచడం వల్ల, కొత్త అనుమానం వచ్చినప్పుడు వెనక్కి వెళ్లి పరీక్షించవచ్చు. 2006-07లో ఆస్ట్రేలియాలో ఒకే దాత నుంచి అవయవాలు పొంది మరణించిన ముగ్గురిలో ఒక కొత్త అరీనా వైరస్‌ను జన్యుక్రమ విశ్లేషణతో గుర్తించారు. జర్మనీలో 2016 నాటి దాత ద్వారా సోకిన బోర్నా వైరస్‌ను కూడా ఇలాగే తేల్చారు. అప్పటిదాకా ఆ క్రిముల కోసం ఏ దాతకూ పరీక్ష చేయలేదు.

ఇలాంటి గొలుసును పట్టేది సాధారణంగా ఒక వైద్యుడి అనుమానమే. ఒక గ్రహీతకు కారణం తెలియని జ్వరం, మతిమరుపు లేదా కామెర్లు రాగానే, అదే దాత అవయవాలు పొందిన మిగిలినవారి ఆసుపత్రులకు ఆ రోజే సమాచారం వెళ్లాలి. 2013 రేబిస్ ఘటనలో మిగిలిన ముగ్గురికి వెంటనే టీకా అందింది అలాంటి సమాచారం చేరడం వల్లే. ఏ అవయవం ఏ దాత నుంచి ఏ గ్రహీతకు వెళ్లిందో తెలిపే రిజిస్ట్రీ, అనుమానం వచ్చిన రోజే నివేదించే బాధ్యత, ఆ నివేదికలను ఒకచోట చూసే కమిటీ ఉన్న వ్యవస్థలో, పరీక్షను తప్పించుకున్న క్రిమిని రెండో గ్రహీత దగ్గరైనా ఆపగలుగుతారు.